పన్ను ఊడిన వారం

మా హాల్లో ఒకే గోడకి రెండు బొమ్మలున్నాయి. ఒకటి పెద్దదానిది, నూనె రంగుల్లో వేసింది. అప్పటికి దానికి ఏడో ఏడు. రెండోది చిన్నోడిది, పాస్టెల్ బొమ్మ. వాడికి మూడేళ్ళు నిండి నాలుగు నెలలు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు చిన్నోడి బొమ్మ దగ్గర ఆగి, "అయ్యో, బాబుకి కాళ్ళేవీ?" అని నవ్వుతారు. తర్వాత పెద్దదాని బొమ్మ వైపు తిరుగుతారు. కాసేపు చూసి "చాలా బాగుంది" అంటారు. ఆ మాటకి ముందు ఒక్క క్షణం తటపటాయిస్తారు. ఎందుకో నాకు తెలుసు. బొమ్మలో పాప మూతి కొంచెం వాచినట్టుంటుంది.

ఆ మూతి అలా ఎందుకుందో మాత్రం పోయిన నెల దాకా నాకూ తెలీదు. బొమ్మ వేయించి 27 ఏళ్ళయింది.

అసలు బొమ్మలు వేయించాలన్న ఆలోచన ఒక ద్వారబంధం వల్ల వచ్చింది. అప్పుడు అద్దెకుంటున్న ఇంట్లో వంటగది ద్వారబంధానికి పిల్లల్ని ఆనించి నిలబెట్టి, నెత్తి మీద పుస్తకం పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి తారీఖు వేసేవాళ్ళం. పెద్దదానివి ఓ పది గీతలుంటాయి. చిన్నోడివి నాలుగైదు. వాడు మునివేళ్ళ మీద లేస్తాడు కాబట్టి వాడి గీతలన్నీ కాస్త అబద్ధమే. ఓసారి ఊరెళ్ళి పది రోజుల తర్వాత వచ్చేసరికి ఇంటివాళ్ళు తలుపులకీ ద్వారబంధాలకీ రంగు వేయించారు. నిగనిగలాడుతోంది. వాళ్ళ తప్పేమీ లేదు, ఇల్లు వాళ్ళది. పైగా నన్ను సంతోషపెట్టామనుకున్నారు. వాళ్ళు వెళ్ళాక గోటితో గీకి చూశాను. కింద పాత రంగు కనిపించింది గానీ గీత కనిపించలేదు.

ఆ రాత్రి మా ఆయనతో, పిల్లలకి పెయింటింగులు వేయిద్దామన్నాను. "కెమెరా ఉంది కదా" అన్నాడు. ఉంది. రీలుకి 36 ఫోటోలు. కడిగించుకొస్తే వాటిలో పది కదిలిపోయి ఉండేవి, ఐదారింటిలో ఎవరో ఒకరు కళ్ళు మూసి ఉండేవారు. మిగిలినవాటిలో పిల్లలిద్దరి ముఖాల మీదా ఒకటే నవ్వు. "నవ్వండి" అనగానే పెట్టే ఆ నవ్వు తెలుసు కదా, పళ్ళు మాత్రమే కనిపిస్తాయి, మిగతా ముఖానికి దానితో సంబంధం ఉండదు. ఆల్బం నిండా పిల్లలున్నారు గానీ, మా ఇంట్లో తిరిగే పిల్లలు అందులో లేరనిపించేది. ఇది నేను మా ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయాను. "నీకు కావాలంటే వేయించుకో" అన్నాడు. మేం పెద్ద డబ్బున్నవాళ్ళం కాదు. రెండు వాయిదాల్లో ఇస్తామని అడగాల్సి వచ్చింది.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారి గురించి విన్నాను. పోర్ట్రెయిట్లు వేస్తారని, పిల్లలవైతే అందరివీ ఒప్పుకోరని చెప్పారు. నేను పెద్దదాన్ని స్టూడియోలో తీయించిన ఫోటో ఒకటి పట్టుకుని వెళ్ళాను. మాస్టారు ఫోటో చూసి, బోర్లించి బల్ల మీద పెట్టారు.

"పాప ఏ చేత్తో రాస్తుందమ్మా?"

"కుడి చేత్తోనే అండీ."

"కుర్చీలో కూర్చుంటే కాళ్ళు ఊపుతుందా, పైకి మడిచి పెట్టుకుంటుందా?"

ఊపుతుందన్నాను, కొంచెం అనుమానంగానే.

"ఏదైనా గట్టిగా ఆలోచిస్తున్నప్పుడు ముఖంలో ఏం కదులుతుంది? కనుబొమలా, పెదవులా?"

చెప్పలేకపోయాను. ఏడేళ్ళుగా ఆ ముఖం కడుగుతున్నాను, తల దువ్వుతున్నాను. ఆయన ముందు బడిలో పాఠం అప్పజెప్పలేని పిల్లలా నిలబడ్డాను. "ఫోటో వద్దనను, గౌను మడతలకీ జడకీ పనికొస్తుంది. ముఖానికి మాత్రం మనిషి రావాలి" అన్నారు. ఫ్లాష్ వేసి తీస్తే ముఖం మీది నీడలన్నీ తుడుచుకుపోతాయని, మరీ దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయని, దాన్ని చూసి వేస్తే ఆ తప్పులన్నీ బొమ్మలోకి వస్తాయని చెప్పారు. ఆ మాట ఇప్పటికీ నిజమే. ఫోన్‌తో దగ్గరగా పట్టుకుని తీసుకునే సెల్ఫీలు చూడండి.

గౌను దగ్గర మాకిద్దరికీ పడలేదు. నేను కొత్త గౌను కుట్టించాను, చిన్న చిన్న పువ్వులున్నది. మాస్టారు పాత గౌను వేసి తీసుకురమ్మన్నారు. కొత్త బట్ట వేసుకున్న పిల్ల అది మాసిపోతుందేమో అని బిగుసుకుని కూర్చుంటుందట. పువ్వులుంటే చూసేవాళ్ళ కన్ను ముఖం మీద నిలవకుండా గౌను మీద పడుతుందట. చివరికి రెండేళ్ళుగా వేస్తూ వేస్తూ పొట్టిదైపోయిన లేత పసుపు గౌనుతో వెళ్ళాం. దాని భుజం దగ్గర నేను వేసిన రఫ్ఫు కూడా బొమ్మలో ఉంది. అప్పట్లో అది చూసి సిగ్గుపడ్డాను.

ఏడు ఆదివారాలు వెళ్ళాం. ఆ గది ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ఉత్తరం వైపు ఒక పెద్ద కిటికీ. ఆ వైపు నుంచి ఏడాదిలో ఎక్కువ నెలలు నేరుగా ఎండ పడదు కాబట్టి పొద్దుటికీ మధ్యాహ్నానికీ నీడలు పెద్దగా కదలవు. కుర్చీని ఒక చెక్క దిమ్మ మీదకి ఎక్కించారు. పిల్ల కళ్ళు ఆయన కళ్ళకి సమానంగా రావాలట. పెద్దవాళ్ళం ఎప్పుడూ పై నుంచి చూస్తాం కాబట్టి మనకి పిల్లల నెత్తీ నుదురే ఎక్కువ కనిపిస్తాయి. దాని పాదాల చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీశారు, లేచి వెళ్ళినా మళ్ళీ అక్కడే పెట్టడానికి. అంతా అవిసె నూనె, టర్పెంటైన్ వాసన. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టడం, పది నిమిషాలు వదిలేయడం. అంతకు మించి కూర్చోబెడితే కూర్చుంటారు గానీ ముఖంలో పిల్ల ఉండదనేవారు.

ఆ ఇరవై నిమిషాలూ కథ చదివే పని మా ఆయనకి పడింది. పెయింటింగు ఎందుకు అన్న మనిషి ఏడు ఆదివారాలూ ఒక్క పూట మానకుండా వచ్చి, ఈజెల్, అంటే కాన్వాసు నిలబెట్టే చట్రం, పక్కన స్టూలు మీద కూర్చుని చదివాడు. మాస్టారు నన్ను మాత్రం వెనక బెంచీ మీద కూర్చోమన్నారు. తల్లి కనిపిస్తే పిల్ల తల్లి ముఖం చూసి ముఖం మార్చుకుంటుందని ఆయన లెక్క. కొంచెం బాధేసింది. కానీ అక్కడి నుంచే నేను మొదటిసారి దాన్ని ఏ పనీ చెప్పకుండా, ఏదీ సర్దకుండా, ఊరికే గంటల తరబడి చూశాను. ఆలోచిస్తున్నప్పుడు దానికి కనుబొమలు కదలవు. కింది పెదవి కుడివైపు కొద్దిగా లోపలికి పోతుంది.

మొదటి వారం కాన్వాసు ముట్టుకోలేదు. బొగ్గు కడ్డీతో కాగితాల మీద గీసుకున్నారు, ఓ పాతిక ముప్ఫై. మధ్యలో నన్ను పిలిచి కోడిగుడ్డు ఆకారం గీసి అడ్డంగా సగానికి ఒక గీత పెట్టారు. పెద్దవాళ్ళ తలలో కళ్ళు సరిగ్గా ఆ సగం గీత మీద ఉంటాయి. పిల్లల్లో ఆ గీతకి కిందుంటాయి. అంటే నుదురు పెద్దది, కింది ముఖం చిన్నది. పుట్టినప్పుడు ఒంటి పొడుగులో తలే నాలుగో వంతు ఉంటుంది. పెద్దయ్యేసరికి ఏడెనిమిది వంతుల్లో ఒక వంతు. కంటి నల్లగుడ్డు మాత్రం చిన్నప్పటి నుంచీ దాదాపు పెద్దవాళ్ళంతే ఉంటుంది. ముఖం చిన్నదై, ఆ గుడ్డు అంత ఉండేసరికి పిల్లల కళ్ళు అంత పెద్దవిగా కనిపిస్తాయి. ఈ కొలతలు తప్పితే ఎంత ముద్దుగా వేసినా పొట్టి పెద్దమనిషి తయారవుతాడని చెప్పారు.

నాకు నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి పెద్దది నిద్రపోయాక దారం ముక్క తీసుకుని నడినెత్తి నుంచి కంటికి, కంటి నుంచి గడ్డానికి కొలిచాను. నిజమే. ఎంత తేడా! మా ఆయన లేచి, "ఏం చేస్తున్నావ్ అర్ధరాత్రి?" అన్నాడు. "కొలుస్తున్నా" అన్నాను. ఆయన ముఖం కూడా కొలుస్తానంటే దుప్పటి కప్పేసుకున్నాడు.

విశ్రాంతి సమయంలో మాస్టారు ఒక పెద్ద బొమ్మల పుస్తకం తీసి పాపకి చూపించేవారు. అందులో దానికి బాగా నచ్చింది మార్గరీటా. స్పెయిన్ రాజుగారమ్మాయి, 1651లో పుట్టింది. ఆ రాజుగారి ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ ఆ పిల్లని చాలాసార్లు వేశాడు. మూడేళ్ళప్పుడు గులాబీ రంగు గౌనులో, ఐదేళ్ళప్పుడు తెల్ల గౌనులో, ఎనిమిదేళ్ళప్పుడు నీలం గౌనులో. మూడూ ఇప్పటికీ ఆస్ట్రియాలో, వియన్నాలోనే ఉన్నాయి. ఎందుకంటే అవి వేయించిందే అక్కడికి పంపడానికి. ఆ పిల్లని ఇవ్వదలుచుకున్నది అక్కడి రాజకుటుంబంలోని లియోపోల్డ్‌కి, అంటే సొంత మేనమామకే. పిల్ల ఎలా ఎదుగుతోందో ఆ కుటుంబానికి చూపించడానికి బొమ్మలు వెళ్ళేవి. నీలం గౌను బొమ్మ 1659 నాటిది. మరుసటి ఏడు వెలాస్కెజ్ పోయాడు. మార్గరీటా పెళ్ళి 1666లో అయింది. 21 ఏళ్ళకే చనిపోయింది. ఇవన్నీ నేను తర్వాతెప్పుడో చదువుకున్న సంగతులు. మా పెద్దదానికి అప్పుడు కావాల్సిందల్లా ఒకటే, "అంత పెద్ద గౌనుతో ఈ పాప తలుపులోంచి ఎలా పడుతుంది?" అని. మాస్టారు చాలా సీరియస్‌గా "పక్కకి తిరిగి" అన్నారు.

అదే పుస్తకంలో ఇంకో బొమ్మ ఉండేది, నేను ఎక్కువ సేపు చూడలేకపోయినది. ఇంగ్లీషు చిత్రకారుడు హోగార్త్ 1742లో వేసిన గ్రాహం పిల్లలు. నలుగురు పిల్లలు, పంజరంలో పిట్ట, కుర్చీ వెనక నుంచి దాన్ని చూస్తున్న పిల్లి. అందరూ కళకళలాడుతున్నారు. అందులో అన్నిటికన్నా చిన్నవాడు బొమ్మ పూర్తయ్యేసరికే లేడట. ఆ కాలంలో బొమ్మలు వేయించిన తల్లిదండ్రులకీ నాకూ అవసరం ఒకటి కాదు. వాళ్ళ భయం వేరు. పిల్లలు పెద్దవాళ్ళయిపోతారన్నది నా దిగులు. పెద్దవాళ్ళవుతారో లేదో అన్నది వాళ్ళది. ఆ తేడా తెలిశాక నా దిగులు నాకే కాస్త విలాసంగా అనిపించింది.

ఇక పన్ను దగ్గరికి వద్దాం.

కింది పళ్ళు రెండూ అంతకు ముందే ఊడి కొత్తవి వచ్చేశాయి. రెండో ఆదివారానికి పైన ముందు పన్ను కదలడం మొదలైంది. మూడో ఆదివారం అది కుర్చీలో కూర్చుని నాలుకతో దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తూనే ఉంది. ముఖం కొలతలన్నీ కుదిరి, మాస్టారు కాన్వాసు మీద కళ్ళు, ముక్కు దాకా వచ్చారు. ఆ గురువారం పన్ను ఊడింది. పిల్లకి పట్టలేనంత గర్వం. వీధిలో ఎదురైన ప్రతి ఒక్కరికీ నోరు తెరిచి చూపించింది. నాకేమో టెన్షన్. నాలుగో ఆదివారం వెళ్ళగానే, "మాస్టారూ, పన్ను ఉన్నట్టే వేసెయ్యండి, పోయిన వారం చూశారు కదా" అన్నాను.

ఆయన నాకు జవాబు చెప్పలేదు. పాప వైపు తిరిగి, "నీకెలా కావాలి తల్లీ?" అన్నారు. అది నోరంతా తెరిచి, ఆ సందులోంచి నాలుక బయటపెట్టి, "ఇలా!" అంది.

నేను ఒప్పుకోలేదు. జీవితాంతం గోడ మీద ఉండే బొమ్మ, తొస్సి నోటితో ఎలా అన్నాను. పెద్దయ్యాక దానికే నామోషీగా ఉంటుందన్నాను. పిల్ల ముఖం ముడుచుకుంది. మాస్టారు బ్రష్షు తుడుచుకుంటూ కాసేపు ఊరుకుని, "సరేనమ్మా, నోరు మూసి ఉన్నట్టు వేస్తాను" అన్నారు. గెలిచాననుకుని వెనక బెంచీ మీదకెళ్ళి కూర్చున్నాను. ఆయన పాప దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుని ముఖం సరిచేస్తూ ఏదో చెప్పారు. అది కిసుక్కున నవ్వింది. ఇది నాకు బాగా గుర్తుంది. ఏం చెప్పారో మాత్రం వినిపించలేదు, అడగనూ లేదు.

ఆ సందు మూడు నాలుగు నెలలు ఉందేమో. 20 పాలపళ్ళలో ఒకటి. మా ఆయన తీసిన ఒకే ఒక్క ఫోటో రీలు చివరిది, వెలుగు సోకి సగం తెల్లబోయింది. అంటే మా పెద్దదాని తొస్సి నోరు మా ఇంట్లో ఎక్కడా లేదు. అంత కష్టపడి, పోతున్నదాన్ని దాచుకుందామని వెళ్ళి, అన్నిటికన్నా త్వరగా పోయేదాన్ని నేనే వద్దన్నాను.

బొమ్మ చేతికొచ్చేసరికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. నూనె రంగు నీటి రంగులా ఆరదు. నీరు ఆవిరైపోతుంది, నూనె ఆవిరి కాదు. గాల్లోని ఆక్సిజన్ పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. ఒక పూత ఆరితే గానీ మరో పూత వేయకూడదు. లోపలి పూతల కన్నా పై పూతల్లో నూనె ఎక్కువుండాలి, లేకపోతే తర్వాత పగుళ్ళొస్తాయి. వార్నిష్ కనీసం ఆరు నెలలాగి వెయ్యాలన్నారు. కాబట్టి మాకు వార్నిష్ లేకుండానే ఇచ్చారు. అప్పటికి పెద్దదానికి కొత్త పన్ను దిగింది, కొత్త పళ్ళకి ఉండే రంపం అంచుతో సహా. జుట్టు కత్తిరించాం. పసుపు గౌను ఇక పట్టదని ఎవరికో ఇచ్చేశాం. బొమ్మని గోడకి ఆనించి పక్కన పిల్లని నిలబెడితే అక్కా చెల్లెళ్ళలా ఉన్నారు.

మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, "బాగానే ఉంది గానీ, మూతేంటే వాచినట్టుంది?" అన్నారు. అప్పటిదాకా నాకు కనిపించలేదు. ఆ తర్వాత అది తప్ప ఏదీ కనిపించలేదు. పై పెదవి మధ్యలో, కొంచెం ఎడమకి, చిన్న ఉబ్బు. అన్ని కొలతలు చెప్పిన మనిషి మూతి దగ్గర తప్పాడేంటి అని ఉక్రోషం వచ్చింది. వెళ్ళి అడగడానికి మొహమాటం. చివరి వాయిదా ఇచ్చేటప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

చిన్నోడి బొమ్మ కథ చిన్నది. వాడు కూర్చోడు. రెండు ఆదివారాలు ప్రయత్నించి మాస్టారు ఈజెల్ పక్కన పెట్టేసి, నేల మీద వాడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నూనె రంగులు వీడికి లాభం లేదని పాస్టెల్ తీశారు. పాస్టెల్ అంటే దాదాపు ఉత్త రంగు పొడే, ముద్ద కట్టడానికి చాలినంత జిగురు మాత్రం కలుపుతారు. ఆరడమనేది ఉండదు, గీస్తే అయిపోయినట్టే. గంటన్నరలో ముఖం, చొక్కా, చేతిలో పట్టుకున్న బ్రష్షు వచ్చేశాయి. కాళ్ళు మొదలుపెట్టారో లేదో, వీడు లేచొచ్చి "నా కాలు!" అంటూ అరచేత్తో బొమ్మ మీద పామేశాడు. మోకాళ్ళ కింద అంతా ఒక నీలం మబ్బు. నేను పరుగెత్తుకెళ్ళాను. మాస్టారు నవ్వి, అలాగే ఉంచేద్దాం అన్నారు. నేను గునుస్తుంటే ఆ పుస్తకమే తీసి ఇంగ్లీషు చిత్రకారుడు గెయిన్స్‌బరో తన కూతుళ్ళిద్దరినీ వేసిన బొమ్మ చూపించారు. 1756 ప్రాంతంలో వేసింది. సీతాకోకచిలుక వెంట చేతులు పట్టుకుని పరుగెడుతున్న ఇద్దరు చిన్న పిల్లలు. అదీ పూర్తి కాని బొమ్మే. కొన్నిచోట్ల బ్రష్షు గీతలు అలాగే వదిలేశాడు. సొంత పిల్లలు, చేతిలో విద్య, అయినా పూర్తి చేయలేదు.

నిజం ఒప్పుకోవాలి. రెండు బొమ్మల్లో ప్రాణం ఉన్నది చిన్నోడిదే. దాన్ని అద్దానికి తగలకుండా మధ్యలో అట్ట పెట్టి ఫ్రేము కట్టించాం, తగిలితే పొడి అద్దానికి అంటుకుంటుంది కాబట్టి. వాడి అరచేతి ఆనవాలు ఇప్పటికీ ఆ మబ్బులో ఒక మూల ఉంది.

మధ్యలో ఇళ్ళు మారాం. ఒక ఇంట్లో చోటు చాలక పెద్దదాని బొమ్మని కాగితం చుట్టి బీరువా వెనక పెట్టాం. రెండేళ్ళు అక్కడే ఉండిపోయింది. తీసి చూస్తే ముఖమంతా పచ్చబడింది, కామెర్లు వచ్చినట్టు. ప్రాణం ఉసూరుమంది. మాస్టారు అప్పటికి లేరు. పెయింటింగులు బాగుచేసే ఒకాయనకి చూపిస్తే, ముందు ఏమీ చేయొద్దు, వెలుతురున్న గదిలో నేరుగా ఎండ తగలకుండా కొన్ని వారాలు పెట్టండి అన్నాడు. అవిసె నూనె చీకట్లో పచ్చబడుతుందట, వెలుగులో పెడితే చాలావరకు తిరిగి తేరుకుంటుందట. అలాగే చేశాం. పాప ముఖం రోజురోజుకీ తెరిపిన పడింది. మూతి మాత్రం అలాగే ఉంది.

ఫ్రెంచి చిత్రకారుడు రెనువార్ వేసిన ఇరేన్ అనే పిల్ల బొమ్మ గురించి ఆ రోజుల్లోనే చదివాను. 1880లో, ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. జారిపోతున్నంత పొడుగు జుట్టు, లేత నీలం గౌను, పక్కకి తిరిగిన ముఖం. బ్యాంకరు తండ్రి వేయించాడు. ఇంట్లోవాళ్ళకి అంతగా నచ్చలేదట. ఇప్పుడది ప్రపంచంలో ఎంతోమందికి తెలిసిన పిల్లల బొమ్మల్లో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు దాన్ని ఎత్తుకుపోయారు. ఇరేన్ కూతురు ఆష్విట్జ్‌లో, వాళ్ళ నిర్బంధ శిబిరంలో చనిపోయింది. 1946లో బొమ్మ తిరిగి ఇరేన్ చేతికే వచ్చింది. అప్పటికి ఆమెకి డెబ్బై దాటాయి. మూడేళ్ళకి అమ్మేసింది.

ఆ అమ్మేయడం దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఎనిమిదేళ్ళ తనని తనే ఎలా అమ్ముకుంది అని. ఆ బొమ్మలో ఆమెకి ఎవరు కనిపించారో మనకేం తెలుసు.

పోయిన నెల పెద్దది వచ్చింది. కొత్త ఇంట్లోకి మారింది, గోడలన్నీ ఖాళీగా ఉన్నాయంది. ఇదే సమయమని, బొమ్మ తీసుకెళ్ళవే అన్నాను. అది సోఫాలో పడుకుని తల కూడా ఎత్తకుండా, "వద్దమ్మా, అది నీది" అంది.

"నాదేంటి, నీ బొమ్మ కదా!"

"నా బొమ్మే. కానీ నీది. ఇంత బుద్ధిమంతురాలిని నువ్వెప్పుడైనా చూశావా అసలు? ఆ గౌను కూడా నాకు గుర్తులేదు."

ఏం గుర్తుందే అనడిగాను. కుర్చీ అల్లిక తొడలకి గుచ్చుకోవడం గుర్తుందంది. నూనె వాసన. ఇంకా, నాన్న చదివిన కథ. ఇరవై నిమిషాలు అవగానే ఆపేసేవాడట, ఏడో ఆదివారం దగ్గర బొమ్మ అయిపోయింది గానీ కథ అవలేదట. చివరికేమైందో ఇప్పటికీ తెలీదంది. మా ఆయన పేపరు దించి, "పుస్తకం ఎక్కడుందో వెతకాలి" అన్నాడు.

అప్పుడు నేను, ఇన్నేళ్ళ ఉక్రోషం ఉంది కదా, "ఆ మాస్టారు అన్నీ బాగా వేసి మూతి దగ్గర పాడుచేశారు" అన్నాను.

అది లేచి కూర్చుంది. "పాడుచేయడమేంటి? అది నా నాలుక!"

నాకర్థం కాలేదు. లేచి బొమ్మ దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూపించింది. నేను పన్ను లేకుండా వద్దన్న రోజున మాస్టారు దాని గడ్డం పట్టుకుని, "అమ్మకి తెలియకుండా నాలుక ఆ సందులో పెట్టి ఉంచు, నేను వేసేస్తాను" అన్నారట. నాలుగు ఆదివారాలు అది నోరు మూసుకుని, నాలుక సందులో ఇరికించి కూర్చుంది. నేను వెనక బెంచీ మీద నుంచి చూస్తూనే ఉన్నాను.

"మరి ఇన్నేళ్ళు చెప్పలేదేమే?"

"నువ్వు అడగలేదు కదా. పైగా వచ్చినవాళ్ళంతా ఆ మూతి చూసి ఏమీ అనలేక నలిగిపోతుంటే భలే ఉండేది."

తమ్ముడికి కూడా తెలుసట. వాడికి ఎనిమిదేళ్ళప్పుడే చెప్పిందట.

బొమ్మ తీసుకెళ్ళమని ఇంకోసారి అడిగాను. వద్దంది. ఫోన్‌తో ఆ మూతి వరకు మాత్రం ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు అద్దం ముందు నిలబడి, నోరు మూసి, నాలుకని పై పళ్ళ ముందుకి తెచ్చి పెదవి కింద పెట్టి చూశాను. మధ్యలో, కొంచెం ఎడమకి. వెనక నుంచి మా ఆయన అడిగాడు, "మళ్ళీ ఏం కొలుస్తున్నావ్?"